ఇసుక తొట్టి బయట గురునాథం మాస్టారు

గురునాథం మాస్టారికి ఈ లోకంలో నచ్చినవి రెండే రెండు: తన దస్తూరీ, తన ఉచ్చారణ. మిగిలినదంతా ఆయన లెక్కలో తాలు. పత్తి వేసి నాలుగు డబ్బులు కళ్ళజూసిన రైతులంటే చులకన. ఆ డబ్బుతో వాళ్ళు కట్టుకున్న డాబాలంటే చులకన. ఆ డాబాల మీద సిమెంటుతో పోయించుకున్న సింహాలంటే మరీ చులకన. తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్లలో సగంమందికి ‘శ’కూ ‘ష’కూ తేడా తెలియదని వాళ్ళ మొహం మీదే అనేవాడు. కరణీకాలు రద్దయినప్పుడు అయినవాళ్ళంతా ఊరి కరణాన్ని ఓదార్చడానికి వెళ్తే, ఈయన మాత్రం "పోనీలెండి, ఆ కోడిగీతలు చదివే బాధ తప్పింది" అన్నాడు. ఎదుటివాడు మాట తప్పు పలికితే సరిదిద్దడం కూడా దండగే అనుకునేవాడు. పెదవి ఒక పక్కకు లాగి, ముక్కులోంచి గాలి వదిలి, తల తిప్పుకునేవాడు. అంతటితో ఆ మనిషి సంగతి తేలిపోయినట్టే.

పర్చూరు అవతల ఒక పల్లెలో ముప్పయ్యేళ్ళకు పైగా ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా పనిచేశాడు. ఆ ఊరి నేలంతా నల్లరేగడి. వాన పడితే దిగబడిన కాలు పైకి రాదు, ఎండ కాస్తే కాలు ఇరుక్కునేంత నెర్రెలు. గుప్పెడు ఇసుక కావాలన్నా సముద్రం వైపు బండి కట్టాల్సిందే. మాస్టారు ఏటా వేసవి సెలవులు అయిపోయే ముందు ఒక బండెడు ఇసుక తెప్పించి, జల్లించి, కడిగించి, ఎండబోయించి, బడి గదిలో ఒక మూల కాగుల్లో పోయించేవాడు. కొత్తగా చేరిన పిల్లలు చేతులు కడుక్కుని గాని దాన్ని ముట్టుకోకూడదు. ఒక్కొక్కడి ముందు దోసెడు ఇసుక పరిచి, చూపుడువేలు పట్టుకుని, వేలి కొస కందిపోయేదాకా ‘అ’ దిద్దించేవాడు. ఇసుకతో గుళ్ళూ గోపురాలూ కట్టబోయిన పిల్లవాడి వీపు విమానం మోత మోగేది. ఇసుక అంటే ఆయన దృష్టిలో సరస్వతి కూర్చునే పీట. దానితో ఆటలేమిటి?

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళ దస్తూరీ చక్కగా ఉండేదన్నది నిజం. ఆయన నత్తి వదిలిస్తాడని కూడా చుట్టుపక్కల పేరుండేది. అంచేత పక్క ఊళ్ళనుంచి కూడా తడబడే పిల్లల్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టేవారు.

రిటైరయ్యాక భార్య సుబ్బరావమ్మ పోయింది. ఎనభై అయిదులో ఆయన చీరాలలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశాడు. కూతురు రాజరాజేశ్వరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరు. అల్లుడు రామచంద్రమూర్తి పొగాకు కంపెనీలో గుమాస్తా. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. మాస్టారు ఆయన్ని చూసిన మొదటి రోజునే పెరుగన్నం అని పేరు పెట్టాడు. పెళ్ళయి పదేళ్ళు దాటినా ఆ అభిప్రాయం మార్చుకునే అవసరం ఆయనకు కనిపించలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, హైమ. రెండో తరగతి చదువుతోంది. పండగలకు ఊరొచ్చినా తాత ముందు నోరు విప్పకుండా తల్లి కొంగు చాటునే ఉండేది. తాతగారు పెట్టె దించుకుని అరుగు మీద కూర్చోగానే ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చి, "త... త... త..." అంటూ ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్ళు మూతలు పడ్డాయి. ఆ మాట బయటికి రాలేదు.

"ఏమే రాజ్యం, దీనికి నత్తా?" అన్నాడు మాస్టారు గ్లాసు కింద పెట్టి.

"కొంచెం తడబడుతుంది నాన్నగారూ. పెద్దయితే పోతుందన్నారు డాక్టరుగారు."

"డాక్టరు! నా మనవరాలు నన్ను తాతయ్యా అని పిలవడానికి డాక్టరేమిటి? మన వంశంలో ఇలాంటి నాలిక పుట్టలేదు. నాకు వదిలెయ్, దసరా నాటికి శ్లోకాలు చదివిస్తాను."

మర్నాడు తెల్లవారుజామునే మొదలెట్టాడు. అరుగు మీద పీట వేసి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసేవాడు. నాలిక కింద గులకరాయి పెట్టి మాట్లాడమనేవాడు. తడబడితే తొడపాశం. కొట్టడం కన్నా ఆయన నోరు ఎక్కువ పనిచేసేది. "నిటారుగా కూర్చో. నోరు తెరువు. తెరవమంటే తెరవ్వేం? నాలిక ఉందా, ఊడిపోయిందా? ఛీ! నీకు మాట్లాడే మొహం లేదు, పో, గోడవైపు తిరిగి నుంచో." ఇది రోజూ ఉదయం ఆ వీధి వీధంతా వినేది. ఎదురింటి మగ్గం గోతిలో కూర్చున్న నేత మనిషి కూడా కాసేపు చెయ్యి ఆపేసేవాడు.

దసరా వచ్చేసరికి హైమ శ్లోకాలు చదవడం మాట అటుంచి, మాట్లాడటమే మానేసింది. అవునంటే తల ఊపేది, కాదంటే అడ్డంగా ఊపేది. బళ్ళో హాజరు పలకడానికి కూడా చెయ్యి ఎత్తేది. నత్తి వినబడటం లేదు కాబట్టి సగం వైద్యం అయినట్టేనని మాస్టారు లెక్కవేశాడు. రాజరాజేశ్వరికి మాత్రం భయం పట్టుకుంది. ఎక్స్‌ఛేంజీలో పక్క సీటావిడ చెప్పగా, మద్రాసులో ఏడాది ట్రైనింగయి వచ్చి స్టేషను అవతల చర్చి వెనక శిశు తరగతి నడుపుతున్న రెబ్కా టీచరు దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. శనివారాలు పొద్దున పూట పంపమందట.

"అక్కడేం నేర్పుతారు?" అన్నాడు మాస్టారు.

"నేర్పరు నాన్నగారూ. ఇసుకలో ఆడుకోనిస్తారు."

ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "విన్నావుటయ్యా? మీ ఆవిడ నీ కూతుర్ని ఇసుక తొక్కించడానికి చర్చికి పంపుతుందట."

"ఒకసారి చూద్దామని, మావయ్యగారూ..." అని రామచంద్రమూర్తి లోపలికి వెళ్ళి గడియారానికి కీ ఇవ్వడం మొదలెట్టాడు.

శనివారం పొద్దున ఇద్దరికీ డ్యూటీలే. పిల్లని తీసుకెళ్ళే పని చివరికి మాస్టారి నెత్తినే పడింది. ఉతికిన పంచె కట్టి, కండువా వేసుకుని, పేపరు చంకలో పెట్టుకుని, వధ్యస్థానానికి బయల్దేరిన వాడిలా రిక్షా ఎక్కాడు.

రెబ్కా టీచరు నలభై దాటిన మనిషి. భారీ ఒళ్ళు, గట్టి నవ్వు, ఒక పక్క పుల్ల విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళజోడు. తరగతి గది వెనక రేకుల షెడ్డులో ఒక తొట్టి ఉంది. పాత పడవ చెక్కలతో వడ్రంగి చేత చేయించింది, మోకాలెత్తు, నిండా ఇసుక. గోడవార బల్లల మీద ఆయన జన్మలో ఒకచోట చూడని చెత్త: మగ్గాల వాళ్ళు పారేసిన నూలు కండెలు, సీసా మూతలు, గవ్వలు, మట్టి ఎద్దులు, కాలు ఊడిన రబ్బరు బొమ్మలు, విరిగిన చెక్క గరిటె, చక్రాల్లేని ప్లాస్టిక్ బస్సు.

"ఏమ్మా, ఇదేనా మీ వైద్యశాల?" అన్నాడు మాస్టారు.

"రండి మాస్టారూ. వైద్యం కాదండీ, ఆట. మీరు బయట బెంచీ మీద కూర్చోండి."

"ఆడుకోవడానికి రిక్షా ఎక్కి రావాలా? మా వీధి చివర ఇల్లు కట్టుకుంటున్నారు, లారీడు ఇసుక పోశారు. అక్కడ దింపి రానా?"

"అక్కడ మీరు పిలిచేస్తారు గదండీ," అంది రెబ్కా నవ్వుతూ. "ఇక్కడ గంట సేపు ఎవరూ పిలవరు, ఎవరూ ఏమీ అడగరు. అంతే తేడా."

"ఎన్నాళ్ళకు మాటలొస్తాయి?"

"తెలీదండి."

"అసలొస్తాయా?"

"అదీ తెలీదండి. కొంతమందికి ఊరికే నిద్ర పడుతుంది. అదైనా మంచిదేగా."

తెలియదని అంత తేలిగ్గా చెప్పే టీచరుని ఆయన ఎన్నడూ చూడలేదు. పెదవి లాగి, ముక్కులోంచి గాలి వదిలి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. షెడ్డుకు కిటికీ ఉంది. పేపరు అడ్డం పెట్టుకుని దాని పైనుంచి చూశాడు. హైమ తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. రెబ్కా మూల స్టూలు మీద కూర్చుని ఏదో చొక్కాకి గుండీ కుట్టుకుంటోంది. చాలాసేపటికి పిల్ల ఒక వేలు ఇసుకలో గుచ్చింది, తీసింది. మళ్ళీ గుచ్చింది. గంట అయిపోయింది.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మాస్టారు ఆ గంట కథ చెప్పిన తీరుకి రామచంద్రమూర్తి కూడా ఆపుకోలేక నవ్వాడు. వారం వారం అదే వినోదం అయింది. "ఇవాళ మీ కూతురు ఒక మూల ఇసుక ఇంకో మూలకి మార్చింది, పై వారం వెనక్కి మారుస్తుందట." "ఇవాళ ఒక రబ్బరు బొమ్మని పాతిపెట్టింది. తవ్వింది. మళ్ళీ పాతిపెట్టింది. టీచరమ్మ గుండీలు కుట్టుకుంది. చూడు రాజ్యం, ఆ గుండీలకి మాటలొచ్చేస్తాయేమో." హైమ తలెత్తకుండా అన్నం కలుపుకునేది.

పొద్దుటి పాఠాలు మాత్రం ఆయన ఆపలేదు. పైగా ఆ తొట్టిలో మంచి ఇసుక అలా వృథా కావడం చూసి చెయ్యి దురద పుట్టింది. ఒక శనివారం రెబ్కా ఎవరితోనో మాట్లాడటానికి ముందు గదిలోకి వెళ్ళింది. మాస్టారు లేచి షెడ్డులోకి వెళ్ళాడు. హైమ కట్టుకున్న గవ్వల దడిని అరచేత్తో చదును చేసేశాడు. పిల్ల చూపుడువేలు పట్టుకుని, ఇసుకలో అదిమి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో ‘తాతయ్య’ అని రాయించాడు.

"ఊఁ, ఇప్పుడు చదువు. నోరు తెరువు."

హైమ నోరు తెరవలేదు. పరికిణీ మీదుగా, కాళ్ళ వెంట తడి జారింది. ఆయన అప్పటికీ వేలు వదల్లేదు.

రెబ్కా వచ్చి చూసింది. ముందు పిల్లని లోపలికి తీసుకెళ్ళి బట్టలు మార్చి, తరగతి గదిలో కూర్చోబెట్టి వచ్చింది. అప్పుడు అంది, "మాస్టారూ, మీరు ఇంకోసారి ఈ గడప దాటారంటే పిల్లని తీసుకురావద్దని మీ అమ్మాయిగారికి చెప్పేస్తా."

"ఎవరికి చెబుతున్నావమ్మా? నువ్వు ఓనమాలు దిద్దకముందు నుంచి నేను ఇసుకలో అక్షరాలు దిద్దించాను. నీ బోర్డు మీద ‘విద్యార్థి’కి ఒత్తు లేదు, అది చూసుకో ముందు. మిరప చేలో కాయలు కోసుకునే ఇళ్ళనుంచి వచ్చి, మద్రాసులో ఏడాది తిరిగొచ్చి, ఇసుక పోసుకుని కూర్చుంటే చదువైపోతుందా?"

రెబ్కా మొహం నల్లబడింది.

"మా అమ్మ కాయలు కోసే నన్ను చదివించిందండీ. అది మీరు తిట్టులాగా అన్నారు, నేను తిట్టనుకోను," అంది. "బోర్డు దిద్దుకుంటాను. మీరు బయటికి నడవండి."

ఆయన బయటికి నడిచాడు. ఆడమనిషి చేత, అందులోనూ ఆ ఇంటినుంచి వచ్చిన మనిషి చేత గెంటించుకోవడం ఆయనకు ఆ రాత్రి అన్నం సయించనివ్వలేదు. అయినా ఆ సంగతి కూతురికి చెప్పలేదు, చెబితే పిల్ల పరికిణీ సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. రెబ్కా కూడా చెప్పినట్టు లేదు.

ఆ తరవాత కొన్ని వారాలకు, చలి ముదిరిన రోజుల్లో, ఆయన బెంచీ మీద ఎండకు వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు. షెడ్డులోంచి ఒక గొంతు వినబడింది.

చిన్నపిల్ల గొంతే గాని, కావాలని లావు చేసుకున్న గొంతు. మాటలు గంటల్లా పడుతున్నాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు. ‘ఛ’కు ‘ఛ’, ‘ళ’కు ‘ళ’. మాస్టారి చెవి లేచింది. ఈ ఊళ్ళో ఇంత స్పష్టంగా పలికే పిల్ల కూడా ఉందా, ఎవరింటి పిల్ల, ఏ మాస్టారు నేర్పాడు అనుకున్నాడు. ఆ పిల్ల తాతెవరోగాని అదృష్టవంతుడు అని కూడా అనుకున్నాడు. పేపరు మడిచి కిటికీ వైపు ఒరిగాడు.

లోపల రెబ్కా, హైమ తప్ప ఇంకెవరూ లేరు.

హైమ ఇసుకలో కండెలు వరసగా నిలబెట్టింది. వాటి ఎదురుగా విరిగిన చెక్క గరిటె గుచ్చింది. గరిటెకు ఎర్ర దారం ఒకటి కండువాలాగా చుట్టింది. దాన్ని పట్టుకుని ఆడిస్తూ మాట్లాడుతోంది.

"నిటారుగా కూర్చో. నోరు తెరువు. తెరవమంటే తెరవ్వేం? నాలిక ఉందా, ఊడిపోయిందా? ఛీ! మన వంశంలో ఇలాంటి నాలిక పుట్టలేదు. నీ మొహానికి మాటలు కూడానా? నువ్వు అన్నం తినడం దండగ. నువ్వు బడికెళ్ళడం దండగ. నువ్వు పుట్టడమే దండగ. పో, గోడవైపు తిరుగు!"

మాట పూర్తయినప్పుడల్లా గరిటెతో ఒక కండె నెత్తిన మొట్టి, ఇసుకలో కనబడకుండా దిగగొట్టేది. మళ్ళీ రెండోదానికి మొదటినుంచి చెప్పేది. పెదవి ఒక పక్కకు లాగి, ముక్కులోంచి గాలి వదిలేది. అదీ తప్పు పోలేదు.

మాస్టారి మనసుకి ముందు ఉచ్చారణే అందింది. పలికింది, నా మనవరాలు పలికింది అని ఛాతీ పొంగింది. ఆ పొంగు దిగకముందే మాటలకి అర్థం అందింది. ‘పుట్టడమే దండగ’ అని తను అన్నాడా? ఎప్పుడన్నాడు? అనే ఉంటాడు. అలాంటివి ఆయన రోజూ చాలా అనేవాడు, అన్నవి గుర్తుపెట్టుకునే పని ఏనాడూ పడలేదు.

ఆయన లేచి నడిచాడు. రిక్షా పిలవలేదు. పిల్ల సంగతే గుర్తు లేదు. పట్టాలు దాటి, స్టేషను ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. ముందు కోపం వచ్చింది. ఇదంతా ఆ టీచరు నేర్పిన కుట్ర అనుకున్నాడు. అది నిలవలేదు. తన పెదవి విరుపు రెబ్కా నేర్పగలిగింది కాదు. తరవాత తన బడి గుర్తొచ్చింది. అన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు! ఎవరి దస్తూరీ ఎలా ఉండేదో వరసగా గుర్తుంది. ఎవడి గొంతూ గుర్తుకు రావడం లేదు. విజయవాడ వైపు పాసింజరు వచ్చి వెళ్ళింది, ఒంగోలు వైపు ఇంకోటి వచ్చి వెళ్ళింది. ఆయన అలాగే కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. గుమ్మంలోనే రాజరాజేశ్వరి ఎదురొచ్చింది.

"ఎక్కడికెళ్ళారు నాన్నగారూ? పిల్లని అక్కడ వదిలేసి! రెబ్కా టీచరు పాస్టరుగారింట్లోంచి ఫోను చేస్తే డ్యూటీ మధ్యలో లేచి పరిగెత్తాను. సూపర్‌వైజరు చేత మాటలు పడ్డాను. మీకేమైందోనని ఈయన ఆస్పత్రులన్నీ తిరుగుతున్నారు!"

"ఏమీ కాలేదు."

"మరి?"

"ఆ ఇసుక భాగోతం చూడలేక లేచొచ్చాను," అన్నాడు మాస్టారు.

రాజరాజేశ్వరి నమ్మింది. ఎందుకు నమ్మదు? ఆయన అలాంటివాడే గదా. జీవితంలో మొదటిసారి తండ్రి మీద గొంతు చించుకుని అరిచింది. అల్లుడు వచ్చి, ఆయన క్షేమంగా ఉండటం చూసి, ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. మాస్టారు అన్నీ పడ్డాడు. నిజం చెప్పడం కన్నా అహంకారి అనిపించుకోవడమే ఆయనకు సుఖంగా ఉంది.

మర్నాడు తెల్లవారుజామున హైమ అలవాటుగా పీట వేసుకుని, వసకొమ్ము, సాన ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ లేదు, వెళ్ళు" అన్నాడు. పిల్ల కదల్లేదు. ఇదేదో కొత్త శిక్ష అనుకుంది కాబోలు. మరో రెండు రోజులు కూడా అలాగే పీట వేసుకుంది. ఆఖరికి ఆయనే సానా పీటా తీసుకెళ్ళి అటక మీద పడేశాడు.

పై శనివారం రెబ్కా గేటు దగ్గరే నిలబడి ఉంది. హైమ లోపలికి పరిగెత్తాక మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఆవేళ అది ఆడింది... అది నీ శిక్షణేనా?"

"నాదా?" అంది రెబ్కా. "అంత మంచి ఉచ్చారణ నాకెక్కడిదండీ."

ఆయన కర్ర నేలకు తాటించాడు. "మా అమ్మాయికి చెప్పావా?"

"లేదండి. ఆ తొట్టిలో జరిగేవి ఎవరికీ చెప్పను. వాళ్ళమ్మకైనా సరే. చెప్పేస్తే పిల్ల ఆడదు."

అంటే ఆవిడ తన గుట్టు కాపాడుతోంది. ఆ సంగతి మింగుడుపడటం మాస్టారికి అన్నిటికన్నా కష్టమైంది. ఆవిడ మీద అంతకుముందు ఉన్న చులకన ఒక ఎత్తు, ఇప్పుడు ఆవిడకు రుణపడినందుకు పుట్టిన ఉక్రోషం ఒక ఎత్తు. బెంచీ మీద కూర్చుని ఆ పూటంతా ఆవిడ నడకనీ, నవ్వునీ, దారం కట్టిన కళ్ళజోడునీ మనసులో చీల్చి చెండాడాడు. అయినా పై వారం కూడా పిల్లని తీసుకుని ఆయనే వచ్చాడు. అల్లుడు తను తీసుకెళ్తానంటే, "నువ్వు రిక్షావాడితో బేరం కూడా ఆడలేవు" అని కొట్టిపారేశాడు.

చెక్క గరిటె ఆట చాలా వారాలు సాగింది. కండెలు ఇసుకలో దిగబడుతూనే ఉన్నాయి. ఆయన కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుని వింటూనే ఉన్నాడు. వినడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఒక వారం గరిటె తిట్టలేదు. ఇంకో వారం గరిటెకి జ్వరం వచ్చింది, కండెలు దానికి కాఫీ ఇచ్చాయి. ఆ తరవాత గరిటె మళ్ళీ బల్ల మీదికి వెళ్ళిపోయింది, హైమ బస్సులో ఎద్దుల్ని ఎక్కించి ఒంగోలు తీసుకెళ్ళడం మొదలెట్టింది. ఇంట్లో కూడా ఒకటీ అరా మాట వినబడసాగింది. తడబాటుతోనే. రాజరాజేశ్వరి వంటింట్లో తల తిప్పుకుని కళ్ళు తుడుచుకునేది. మాస్టారు పేపరు తిరగేసేవాడు.

వేసవిలో ఒక పొద్దున హైమ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"త... త... తాతయ్యా, రా."

ఆ మాట అయిపోయేదాకా ఆయన ఆగాడు. రెబ్కా వైపు చూశాడు. ఆవిడ గడప దగ్గరినుంచి పక్కకు జరిగింది. మోకాళ్ళు పట్టేసినా మెల్లగా తొట్టి పక్కన కింద కూర్చున్నాడు. హైమ ఆయన చేతిలో ఒక మట్టి ఎద్దు పెట్టింది. దాన్నేం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"న... నడిపించు," అంది పిల్ల.

"ఎక్కడికి?"

"న్... నీ ఇష్టం."

ఆయన ఎద్దుని ఇసుకలో కాస్త దూరం నడిపించాడు. అది పడిపోయింది. "తాతయ్యకి రాదు," అంది హైమ రెబ్కాతో, తడబడకుండా, జాలిగా. మళ్ళీ నిలబెట్టి ఎలా నడిపించాలో చూపించింది. ఆయన చెప్పినట్టే చేశాడు.

ఆ మరుసటి ఏడు పత్తి చేలకు తెల్లదోమ కమ్మింది. పంట పోయిన దిగుల్లో ఉన్న రోజుల్లోనే మాస్టారి పాత ఊరినుంచి చెంచయ్య అనే రైతు, భార్య పుల్లమ్మ, అయిదేళ్ళ ఆడపిల్లని వెంటబెట్టుకుని వచ్చారు. చెంచయ్య ఒకప్పుడు మాస్టారి దగ్గర చదివినవాడే. కండువా చేతిలో నలుపుకుంటూ అరుగు కిందే నిలబడ్డాడు. మాట్లాడిందంతా పుల్లమ్మే.

"పిల్లకి నత్తండి. మీరైతే వదిలిస్తారని తీసుకొచ్చాం. ఈయనకీ చిన్నప్పుడు మీరే వదిలించారంటగా."

"అవును," అన్నాడు మాస్టారు. ఆయనకు బాగా గుర్తే. బడి అరుగు మీద గోడవైపు నిలబెట్టిన వాడి వీపు గుర్తు. "ఏరా చెంచయ్యా, ఏదీ, నాలుగు ముక్కలు మాట్లాడు."

చెంచయ్య నవ్వు మొహం పెట్టి నేలచూపులు చూశాడు.

"ఆయన మాట్టాడరండీ," అంది పుల్లమ్మ. "ఇంట్లో గూడా అంతే. పెళ్ళయిన కాణ్ణించి ఎరువుల కొట్టు దగ్గరైనా, కోర్టులోనైనా నేనే మాట్టాడతా. బుద్ధిమంతుడండి."

మాస్టారు కర్ర తీసుకుని దిగ్గున లేచాడు.

"నా దగ్గరికెందుకొచ్చారు? నేను రిటైరయ్యాను. స్టేషను అవతల చర్చి వెనక రెబ్కా అని ఒకావిడ ఉంది. అక్కడికి పొండి."

"ఆవిడేం మందిస్తారండీ?"

"మందూ లేదు, మాకూ లేదు. తిన్నగా నాలుగు వాక్యాలు రాయడం రాదు ఆవిడకి. అడిగినదానికల్లా తెలీదంటుంది. నవ్వితే రేకులు ఎగిరిపోతాయి. అయినా పొండి. ఏమిటలా నిలబడ్డారు? శనివారం పొద్దున పొండి. చెంచయ్యా, నువ్వు కూడా వెళ్ళు, పిల్లతోపాటు లోపల కూర్చో." వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆయన మారిపోయాడని ఎవరూ అనలేదు. ఆయన పోయేదాకా అల్లుడు పెరుగన్నమే. తిరణాలకొచ్చిన ప్రభల మీది రాతల్లో తప్పులు వెతికి వీధంతా వినబడేలా చదివేవాడు. రెబ్కా పేరు ఎత్తితే ముక్కులోంచి గాలి వదిలేవాడు. హైమకి ఎనిమిదో తరగతిలో కూడా కోపమొచ్చినా, కొత్తవాళ్ళ ముందైనా మాట పట్టేసేది. మిగతా వేళల్లో వాగుడుకాయ. మాట పట్టేసినప్పుడు ఇంట్లో ఎవరూ అందించేవాళ్ళు కాదు, అది మాస్టారు పెట్టిన నియమం. ఒకసారి అల్లుడు పాపం మాట అందించబోతే కర్ర ఎత్తినంత పని చేశాడు.

హైమ అయిదో తరగతిలో ఉండగా, ఎనభై ఎనిమిది చివర్లో, రెబ్కాని కొత్తపట్నం వైపు బెస్తపాలెంలో బాలవాడీకి మార్చారు. సామాను లారీకెక్కించే రోజున హైమ వెళ్తానంటే మాస్టారు తనూ బయల్దేరాడు. తొట్టికి తాడు కట్టడం చేతకాదని డ్రైవరుని తిట్టాడు, తనే దగ్గరుండి ముళ్ళు వేయించాడు. తొట్టిలో ఇసుక షెడ్డు ముందు కుప్పగా పోశారు.

"ఇసుక కూడా పట్టుకెళ్ళండి టీచర్," అంది హైమ.

"పిచ్చిదానా, సముద్రం ఒడ్డుకెళ్తూ ఇసుక మోసుకెళ్తామా?" అని రెబ్కా పగలబడి నవ్వి, పిల్లని దగ్గరికి తీసుకుంది. మాస్టారికి నమస్కారం పెట్టింది. ఆయన ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు గాని మాట దొరకలేదు. రెబ్కా తొందరపెట్టలేదు, అలాగే నిలబడింది. "జాగ్రత్తగా వెళ్ళి రామ్మా," అన్నాడు చివరికి.

లారీ వెళ్ళిపోయింది. హైమ చెప్పులు విప్పి ఆ కుప్ప దగ్గర కూర్చుని, నీళ్ళు చల్లిన ఇసుక పాదం మీద అదిమి గూడు కట్టడం మొదలెట్టింది. అన్నాలవేళ దాటుతోంది, చలికాలమే అయినా ఎండ చుర్రుమంటోంది. మాస్టారు గొడుగు విప్పి పిల్లకి నీడ పడేలా పట్టుకుని నిలబడ్డాడు. రిక్షావాడు రెండుసార్లు గంట కొడితే, "ఆగవోయ్, కనబడటం లేదా?" అని కసిరాడు.